పొగ ఎవరి పద్దులో?

పంపులు తయారుచేసే ఒక కంపెనీ ఉందనుకుందాం. ఇనుము కరిగించి పంపు బాడీలు పోతపోసే ఫౌండ్రీ, వాటిని బిగించి పరీక్షించే అసెంబ్లీ షెడ్డు, రెండూ దాని ఆవరణలోనే ఉన్నాయి. ఒక ఏడాది ఆ కంపెనీ ఫౌండ్రీని వేరే యజమానికి అమ్మేసి, అవే పోత బాడీలను అతని దగ్గర కొనడం మొదలుపెట్టింది. కొలిమి అదే, కోక్ అదే, కరెంటు అదే, పనివాళ్లూ వాళ్లే. అయినా ఆ ఏటి నివేదికలో కంపెనీ సొంత కర్బన ఉద్గారాలు సగానికి పైగా పడిపోయాయి. గాలిలో కలిసే పొగ ఒక్క గ్రాము కూడా తగ్గలేదు, కాగితం మీద మాత్రం కంపెనీ శుభ్రపడింది. ఈ నివేదికను నమ్మి షేరు కొనే మదుపరి లాభపడ్డట్టా, మోసపోయినట్టా?

తయారీ కంపెనీల విలువ కట్టేవాళ్లను కొన్నేళ్లుగా ఇబ్బంది పెడుతున్న చిక్కు ఇదే. ఆధునిక కర్మాగారం తనకు కావలసినవన్నీ తానే చేసుకోదు. ఉక్కు ఒకచోట, అల్యూమినియం ఇంకోచోట, ప్లాస్టిక్ గుళికలు మరోచోట తయారవుతాయి. కంపెనీ గేటు దాకా వచ్చేసరికే వాటి పొగ ఎక్కడో పైకి వెళ్లిపోయి ఉంటుంది. గేటు లోపలి పొగను మాత్రమే లెక్కిస్తే బయటికి నెట్టేసిన వాళ్లు మంచివాళ్లవుతారు, అన్నీ సొంతంగా చేసుకునేవాళ్లు దోషులవుతారు. అందుకే గేటు బయటి పొగనూ వెల్లడించమని నియంత్రణ సంస్థలు అడగడం మొదలైంది. అయితే ఆ వెల్లడికి మార్కెట్ ఎందుకు, ఎంత విలువ ఇస్తుందన్నది వేరే ప్రశ్న. సరఫరా గొలుసు ఉద్గారాల అంకెను కంపెనీ మంచితనానికి యోగ్యతాపత్రంగా చదివితే దారి తప్పుతాం. అది రేపు రాబోయే ఒక బిల్లుకు ఇవాళ వేసే అంచనా. ఆ అంచనాకు ఎంత విలువ ఇవ్వాలన్నది, దాన్ని ఎవరైనా కొలిచి రాశారా లేక ఊహించి రాశారా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

బాక్స్: మూడు స్కోపులు

వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, ఒక వ్యాపార సంస్థల మండలి కలిసి రూపొందించిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ 2001లో కంపెనీల ఉద్గారాలను మూడు గదుల్లో సర్దింది.

స్కోప్ 1: కంపెనీ తన కొలిమిలో, బాయిలర్‌లో, లారీలో స్వయంగా వదిలే పొగ.

స్కోప్ 2: అది కొన్న కరెంటు కోసం విద్యుత్ కేంద్రం వదిలిన పొగ.

స్కోప్ 3: మిగిలినదంతా. కొన్న ముడి సరుకు, రవాణా, అమ్మిన వస్తువును కొనుగోలుదారు వాడినప్పుడు వచ్చే పొగ, చివరకు ఆ వస్తువు చెత్తలోకి వెళ్లే దశ. 2011లో వచ్చిన ప్రత్యేక ప్రమాణం ఈ ఒక్క గదినే 15 అరలుగా విభజించింది.

ఉక్కులో దాగిన బొగ్గు

గేటు బయటి పొగ ఎందుకంత బరువైనదో తెలియాలంటే ఉక్కు దగ్గర మొదలుపెట్టాలి. గని నుంచి వచ్చే ముడి ఇనుములో ఇనుమూ ఆక్సిజనూ గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. ఆక్సిజన్‌ను విడదీస్తే తప్ప లోహం రాదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఆ పని చేసేది కోక్, అంటే గాలి తగలకుండా కాల్చి గట్టిపరచిన బొగ్గు. దానిలోని కర్బనం ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుని చివరకు కార్బన్ డయాక్సైడ్‌గా పైకి పోతుంది, కరిగిన ఇనుము కిందికి చేరుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న మూడు ఫర్నేసుల్లోనూ జరిగేది ఇదే. ఇక్కడ బొగ్గు వేడినిచ్చే ఇంధనమే కాక రసాయన చర్యలో పాల్గొనే పదార్థం కూడా. అందువల్ల ఫర్నేసు పనితీరును ఎంత మెరుగుపరిచినా పొగ కొంతవరకే తగ్గుతుంది. ఈ మార్గంలో టన్ను ఉక్కుకు దాదాపు 2.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని ప్రపంచ ఉక్కు సంఘం లెక్క. తుక్కు ఇనుమును విద్యుత్ ఆర్క్ ఫర్నేస్‌లో కరిగిస్తే ఆక్సిజన్‌ను విడదీసే పని ఉండదు గనుక అది 0.7 టన్నుల దగ్గర ఆగుతుంది. మన దేశంలో బొగ్గుతో నడిచే స్పాంజ్ ఐరన్ బట్టీలు ఎక్కువ, కరెంటు ఎక్కువగా బొగ్గుదే, తుక్కు తక్కువ. అందుకే దేశ సగటు టన్నుకు 2.5 టన్నులు దాటుతుంది.

ఈ అంకెలను ఒక కారు మీద పెట్టి చూద్దాం. సగటు కారులో సుమారు 900 కిలోల ఉక్కు ఉంటుంది. అదంతా బ్లాస్ట్ ఫర్నేస్ ఉక్కయితే ఆ కారు అసెంబ్లీ లైను ఎక్కకముందే రెండు టన్నులకు పైగా పొగను మోసుకొచ్చినట్టు. తుక్కు నుంచి వచ్చిన ఉక్కయితే అది ముప్పావు టన్ను కూడా ఉండదు. ఆచరణలో కారు మొత్తాన్ని తుక్కు ఉక్కుతో చేయడం తేలిక కాదు. తుక్కులో కలిసిపోయిన రాగి వంటి మలినాల వల్ల బాడీ పైపలకలకు కావలసిన నాణ్యత రావడం కష్టం. అయినా ఒకే ధరకు, ఒకే రంగులో షోరూములో పక్కపక్కన నిలబడ్డ రెండు కార్ల వెనుక ఇంత తేడా ఉండవచ్చన్నది నిజం. కారు కంపెనీ తన షెడ్డు పైకప్పంతా సోలార్ పలకలు పరిచినా ఈ తేడాలో ఏమీ మారదు. పైగా పెట్రోలు కారు జీవితకాలపు పొగలో పెద్ద వాటా అది తాగే ఇంధనానిదైతే, విద్యుత్ కారులో ఆ వాటా తగ్గి బ్యాటరీ, ఉక్కు, అల్యూమినియం వాటా పెరుగుతుంది. వాహనాలు విద్యుత్తుకు మళ్లేకొద్దీ కంపెనీ భవిష్యత్తు దాని సరఫరాదారుల కొలిమిలోకి జరుగుతోంది.

విలువ కట్టడమంటే రేపటిని ఇవాళ కొనడం

షేరు ధర వెనుక ఉన్న ఆలోచన సూత్రాల్లో ఎంత క్లిష్టంగా కనిపించినా సారం చిన్నదే. రాబోయే ఏళ్లలో ఈ కంపెనీ ఎంత డబ్బు మిగులుస్తుంది, ఆ డబ్బు వస్తుందన్న భరోసా ఎంత? మొదటి ప్రశ్నకు జవాబు పెద్దదైతే విలువ పెరుగుతుంది. రెండోదానికి జవాబు బలహీనమైతే అదే లాభానికి మదుపరి తక్కువ ధర ఇస్తాడు. ఉద్గారాలు ఈ రెండు ద్వారాల గుండానూ లోపలికి వస్తాయి. సరఫరాదారు మీద కార్బన్ పన్ను పడితే అతను ధర పెంచుతాడు, మిగులు తగ్గుతుంది. పన్ను పడుతుందో లేదో, పడితే ఎంతో తెలియకపోతే భరోసా తగ్గుతుంది. రెండోది కనిపించదు కానీ దాని దెబ్బ తక్కువేమీ కాదు.

ఊరి పక్కన ప్లాటు కొనేవాళ్లు చేసేది గమనిస్తే ఈ రెండో ద్వారం అర్థమవుతుంది. అమ్మేవాడు రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే చూపిస్తే చాలదు. ఆస్తి మీది భారాలు చూపే ఈసీ తీయిస్తారు, ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. ఈసీలో బ్యాంకు అప్పు కనిపిస్తే బేరం చెడిపోనక్కర్లేదు. అప్పు ఎంతో తెలిసింది కాబట్టి ఆ మేరకు ధర తగ్గించి కొంటారు. అసలు లింకు డాక్యుమెంట్లే లేవంటేనే భయం. అప్పుడు కొనేవాడు ఏ వారసుడో కోర్టుకు వెళ్తాడనో, ఏ పాత తాకట్టో బయటపడుతుందనో ఊహించుకుని, ఆ ఊహకు తగ్గట్టు ధరను కోసేస్తాడు. చాలాసార్లు ఆ కోత అసలు అప్పు కంటే పెద్దదిగా ఉంటుంది. సరఫరా గొలుసు ఉద్గారాలు తయారీ కంపెనీకి లింకు డాక్యుమెంట్ల వంటివి. కంపెనీ ఎవరి దగ్గర కొన్నది, వాళ్లు ఎవరి దగ్గర కొన్నారు, ఏ మెట్టు మీద ఎంత భారం దాగి ఉంది అన్న వరుస తెలిస్తే మదుపరి ఆ భారాన్ని లెక్కగట్టి తీసివేస్తాడు. తెలియకపోతే భయాన్ని కూడా కలిపి తీసివేస్తాడు.

సరిహద్దు దగ్గర బిల్లు

ఇదంతా ఊహాగానం అనుకునే రోజులు పోయాయి. యూరోపియన్ యూనియన్ తెచ్చిన కార్బన్ సరిహద్దు సర్దుబాటు విధానం, వ్యాపారుల మాటల్లో సీబామ్, ఈ బిల్లుకు తేదీ వేసింది. 2023 అక్టోబర్ 1 నుంచి నివేదికలు మాత్రమే అడిగి, 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దాని పరిధిలోనివి. యూరప్‌లోని ఉక్కు కంపెనీ తన పొగకు అక్కడి మార్కెట్లో పర్మిట్లు కొనాలి. బయటి నుంచి వచ్చే ఉక్కుకు ఆ ఖర్చు లేకపోతే పోటీ తలకిందులవుతుంది గనుక, దిగుమతిదారు కూడా అదే ధరకు సర్టిఫికెట్లు కొనాలన్నది నియమం. యూరప్ కంపెనీలకు ఒక ప్రామాణిక స్థాయి వరకు పర్మిట్లు ఉచితంగా ఇస్తున్నారు, దిగుమతికీ ఆ మేరకు మినహాయింపు ఉంది. ఈ ఉచితం 2026 నుంచి ఏటా కరుగుతూ 2034కు సున్నా అవుతుంది. అంటే బిల్లు ఏటికేడు పెరుగుతుందని ముందే రాసిపెట్టారు.

టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 75 యూరోలు అనుకుందాం. ఒకే రకం ఉక్కును ఇద్దరు యూరప్‌కు పంపుతున్నారు. ఒకరిది టన్నుకు 2.5 టన్నుల పొగ, మరొకరిది 1.5. మినహాయింపు ఇద్దరికీ సమానం కాబట్టి మొదటివారి సరుకు మీద టన్నుకు 75 యూరోలు ఎక్కువ పడుతుంది. ఉక్కు వంటి సరుకులో ఆ తేడా ఏళ్ల తరబడి వచ్చే లాభాన్ని మింగేయగలదు. ఇంకో సంగతి ఏమిటంటే ఈ నియమం నట్లు, బోల్టులు, స్క్రూల దాకా వస్తుంది. బోల్టు చేసే యూనిట్‌లో పొగ స్వల్పమే, కానీ బోల్టుకు ముందున్న ఉక్కు కడ్డీలోని పొగను కూడా కలిపి చూపాలి. అది చూపాలంటే కడ్డీ అమ్మినవాళ్లను అడగాలి. సరిగా కొలిచి, తనిఖీ చేయించిన అంకె లేకపోతే అధికారులు ముందే నిర్ణయించిన డిఫాల్ట్ విలువ వేస్తారు. అది కొలవని వాళ్లకు లాభించకుండా ఉండేలా సగటుకు కొంత అదనం చేర్చి కట్టిన విలువ. శుభ్రంగా ఉత్పత్తి చేసి కూడా రుజువు చూపలేకపోతే పొగబోతు ధరే చెల్లించాలి. ఏడాదికి 50 టన్నుల లోపు దిగుమతి చేసుకునేవారికి మినహాయింపు ఇచ్చారు, పెద్ద కొనుగోలుదారులకు సరుకు పంపేవాళ్లకు మాత్రం తప్పించుకునే దారి లేదు.

మార్కెట్ నిజంగా లెక్క వేస్తోందా?

పరిశోధనల సాక్ష్యం ఆసక్తికరంగానూ, కాస్త గందరగోళంగానూ ఉంది. ఎల్లా మాట్సుమురా, మరో ఇద్దరు పరిశోధకులు 2014లో ది అకౌంటింగ్ రివ్యూలో ప్రచురించిన అధ్యయనం అమెరికాలోని ఎస్ అండ్ పీ 500 కంపెనీల 2006 నుంచి 2008 వరకు ఉన్న సమాచారాన్ని పరిశీలించింది. అదనంగా వదిలిన ప్రతి వెయ్యి టన్నుల కర్బన ఉద్గారాలకు కంపెనీ విలువ సగటున 2,12,000 డాలర్లు తగ్గినట్టు తేలింది. అంటే టన్నుకు 212 డాలర్లు. ఇది ఏటా కట్టే పన్ను కాదు, కంపెనీ మొత్తం విలువలో ఒకేసారి పడే కోత. పది శాతం వడ్డీ లెక్కన చూస్తే, టన్నుకు ఏటా సుమారు 21 డాలర్ల ఖర్చు ఎప్పటికీ ఉంటుందని మదుపరులు మనసులో వేసుకున్న లెక్కకు సమానం. అమెరికాలో దేశవ్యాప్తమైన కార్బన్ పన్ను లేని కాలంలోనే మార్కెట్ ఈ లెక్క వేసింది. అదే అధ్యయనంలో ఉద్గారాలను వెల్లడించిన కంపెనీల విలువ, పోల్చదగిన వెల్లడించని కంపెనీల కంటే ఎక్కువగా కనిపించింది. పొగ వదిలినందుకు ఒక శిక్ష, దాచినందుకు ఇంకో శిక్ష అన్నమాట.

పాట్రిక్ బోల్టన్, మార్సిన్ కాస్పర్‌చిక్ 2021లో జర్నల్ ఆఫ్ ఫైనాన్షియల్ ఎకనామిక్స్‌లో మరో కోణం చూపారు. ఎక్కువ ఉద్గారాలున్న అమెరికా కంపెనీల షేర్లు ఎక్కువ రాబడి ఇచ్చాయని, ఇది మూడు స్కోపుల్లోనూ కనిపించిందని వారి ఫలితం. పైకి ఇది మొదటి ఫలితానికి విరుద్ధంగా అనిపిస్తుంది, నిజానికి రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ప్రమాదం ఉన్న షేరును మదుపరులు చవకగా ఉంటేనే కొంటారు. చవకగా కొన్నదాని మీద, ప్రమాదం ముంచుకు రానంత కాలం, రాబడి ఎక్కువగా కనిపిస్తుంది. అయితే జితేంద్ర అస్వానీ, అనీశ్ రఘునందన్, శివ రాజగోపాల్ ఈ వాదంలోని కీలకమైన ఇటుకనే కదిపారు. రివ్యూ ఆఫ్ ఫైనాన్స్‌లో 2024లో వచ్చిన వారి పత్రం ప్రకారం, ఈ సంబంధం సమాచార సంస్థలు అంచనా వేసిన ఉద్గారాల విషయంలోనే కనిపిస్తుంది. కంపెనీలు స్వయంగా వెల్లడించిన అంకెలు తీసుకుంటే అది మాయమవుతుంది. అంచనా అంకెలు చాలావరకు అమ్మకాల పరిమాణం నుంచే పుట్టుకొస్తాయి గనుక, మార్కెట్ చూసింది పొగనా, అమ్మకాలనా అన్న సందేహం వస్తుంది. బోల్టన్, కాస్పర్‌చిక్ తమ ఫలితాన్ని సమర్థించుకున్నారు, వాదన ముగియలేదు. కానీ ఇరుపక్షాలూ తెలిసో తెలియకో ఒక విషయాన్ని బయటపెట్టాయి. కొలిచిన అంకె, ఊహించిన అంకె అన్న తేడాను పట్టించుకోకపోతే ఉద్గారాలకూ విలువకూ ఉన్న సంబంధం గురించి ఏ నిర్ధారణకూ రాలేం.

అంకె ఎలా పుడుతుంది

ఈ తేడా స్కోప్ 3లో ఎందుకింత పెద్దదో తెలియాలంటే కంపెనీ కార్యాలయంలో ఆ లెక్క ఎలా తయారవుతుందో చూడాలి. అన్నిటికంటే నికరమైన పద్ధతి సరఫరాదారుని అడిగి, అతని కొలిమిలో కొలిచిన అంకె తెచ్చుకోవడం. దాని కంటే తేలికైనది కొన్న సరుకు బరువును ఆ రకం సరుకు సగటు పొగతో గుణించడం. అన్నిటికంటే సులువైనది కొనుగోలు ఖాతాలోని రూపాయలను గుణించడం. ఉక్కు మీద ఇన్ని కోట్లు ఖర్చు, ఉక్కు రంగంలో సగటున కోటికి ఇంత పొగ, కాబట్టి మొత్తం ఇంత. వేల మంది సరఫరాదారులున్న కంపెనీ సహజంగానే ఈ మూడో దారిని ఎంచుకుంటుంది. అకౌంట్స్ విభాగం దగ్గర ఉన్న సమాచారంతోనే పని అయిపోతుంది, ఎవరికీ ఫోను చేయనక్కర్లేదు. కానీ ఈ దారిలో పుట్టిన అంకె సరఫరాదారు గురించి ఏమీ చెప్పదు. ఒకోసారి అబద్ధం కూడా చెబుతుంది.

బాక్స్: పొగ తగ్గితే పెరిగే అంకె

లెక్క అర్థం కావడానికి వేసుకున్న ఉదాహరణ ఇది. ఒక కంపెనీ టన్ను 60,000 రూపాయల చొప్పున 100 టన్నుల ఉక్కు కొన్నది. ఖర్చు 60 లక్షలు. లక్ష రూపాయలకు 4 టన్నుల పొగ అన్న సగటుతో గుణిస్తే 240 టన్నులు. నిజమైన పొగ కూడా అంతే అనుకుందాం.

మరుసటి ఏడాది అది శుభ్రమైన ఉక్కుకు మళ్లింది. ఆ ఉక్కు టన్నుకు 1.4 టన్నుల పొగ మాత్రమే వదులుతుంది, ధర మాత్రం 66,000. ఖర్చు 66 లక్షలు. అదే సగటుతో గుణిస్తే 264 టన్నులు.

నిజమైన పొగ 240 నుంచి 140 టన్నులకు తగ్గింది. నివేదికలో పది శాతం పెరిగింది.

స్కోప్ 3 అంకెలకు నిలకడ లేదనడానికి సాక్ష్యం ఇంకొక వైపు నుంచి కూడా దొరుకుతుంది. కంపెనీల పర్యావరణ సమాచారం సేకరించే సీడీపీ సంస్థ 2021లో సరఫరా గొలుసు ఉద్గారాలు సొంత ఉద్గారాలకు సగటున 11 రెట్లని చెప్పింది. 2024లో అదే సంస్థ 26 రెట్లు అంది. మూడేళ్లలో ప్రపంచంలోని కర్మాగారాలు అంతగా మారిపోలేదు. నివేదించే కంపెనీల జాబితా, లెక్కలోకి వచ్చే అంశాలు మారితేనే సగటు ఇంతగా ఊగుతుంది. డబ్బు పెట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే నిజంగా డబ్బు ముడిపడే చోట వాళ్లు ఏ అంకెను నమ్ముతున్నారో గమనించాలి. అల్ట్రాటెక్ సిమెంట్ 2021లో 40 కోట్ల డాలర్ల విలువైన సుస్థిరతా లక్ష్య బాండ్లు జారీ చేసింది. 2030 నాటికి టన్ను ఉత్పత్తికి పొగను 2017తో పోలిస్తే 22.2 శాతం తగ్గించకపోతే వడ్డీ ముప్పావు శాతం పెరుగుతుందన్నది షరతు. ఆ షరతు కట్టింది స్కోప్ 1 మీద, అంటే సొంత బట్టీలో కొలవగలిగే పొగ మీద. స్కోప్ 3 అంకె కూడా అంత గట్టిదయ్యాకే దాని మీద వడ్డీ రేటు కట్టడానికి ఎవరైనా ముందుకొస్తారు.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం: ఒకే టన్నును పదిసార్లు లెక్కిస్తున్నారు. ఉక్కు మిల్లుకు స్కోప్ 1 అయిన పొగ కడ్డీ చేసేవారికి, బోల్టు చేసేవారికి, కారు కంపెనీకి అందరికీ స్కోప్ 3 అవుతుంది. దేశం మొత్తం పొగ ఎంతో తెలుసుకోవాలనుకుంటే ఇది ఘోరమైన తప్పే. కానీ స్కోప్ 3 ఆ పనికి పుట్టినది కాదు, కంపెనీల అంకెలను కలిపి కూడనే కూడదు. మిల్లు మీద పన్ను పడితే దాని భారం మిల్లు కొంత, కారు కంపెనీ కొంత, కొనుగోలుదారు కొంత మోస్తారు. ఎవరెంత మోస్తారో బేరమాడే శక్తిని బట్టి తేలుతుంది. ముందుగా తెలియదు గనుకే గొలుసులోని ప్రతి ఒక్కరూ తమ దాకా రాగల భారం ఎంతో చెప్పాలి. ఒకే టన్ను పలు పద్దుల్లో కనిపించడం ఇక్కడ లోపం అవ్వదు, ఒకే ప్రమాదానికి పలువురు గురయ్యే వాస్తవానికి అది అద్దం.

రెండోది ఇంకా బరువైనది. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో పాతిక మందితో నడిచే యూనిట్, పెద్ద కంపెనీ పంపిన ఆంగ్ల ప్రశ్నావళికి జవాబు రాయడానికి కన్సల్టెంటును పెట్టుకోవాలా? ఒకే సమాచారాన్ని పది మంది కొనుగోలుదారులు పది ఫారాల్లో అడిగితే ఆ ఖర్చు ఎవరిది? ఇది న్యాయమైన ఫిర్యాదు. అయితే అలాంటి యూనిట్ నుంచి నిజంగా కావలసింది చాలా తక్కువ. కరెంటు బిల్లులోని యూనిట్లు, డీజిల్, గ్యాస్, బొగ్గు కొనుగోళ్లు, కొన్న లోహం బరువు, అమ్మిన సరుకు బరువు. మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే, లక్ష యూనిట్లు వాడిన షెడ్డుకు 70 టన్నులు. ఇది జీఎస్టీ రిటర్ను కంటే కష్టమైన లెక్కేమీ కాదు. మిగిలిన పెద్ద అంకె లోహంలోనిది, దాన్ని చెప్పవలసింది మిల్లు. ఉక్కుతో పాటు హీట్ నంబరు, రసాయన పాళ్లు రాసిన టెస్ట్ సర్టిఫికెట్ ఇప్పటికే చేతులు మారుతోంది. టన్నుకు ఎంత పొగ అన్న ఒక్క వరుస అదే కాగితం మీద చేరితే గొలుసులో కిందివారి భారం చాలావరకు తీరుతుంది. ఉక్కు మంత్రిత్వశాఖ 2024 డిసెంబర్‌లో ప్రకటించిన గ్రీన్ స్టీల్ వర్గీకరణ ఈ దిశలో ఒక మెట్టు. టన్నుకు 2.2 టన్నుల లోపు పొగ ఉన్న ఉక్కునే అది గ్రీన్‌గా గుర్తిస్తుంది, 1.6 లోపు ఉంటే ఐదు నక్షత్రాలు ఇస్తుంది.

మూడో అభ్యంతరం: వెల్లడించినంత మాత్రాన పొగ తగ్గుతుందా? బ్రిటన్ 2013లో అక్కడి లిస్టెడ్ కంపెనీలు ఉద్గారాలను వార్షిక నివేదికలో చెప్పి తీరాలని నియమం పెట్టింది. బెనెడిక్ట్ డౌనార్, మరికొందరు పరిశోధకులు ఈ కంపెనీలను నియమం వర్తించని యూరప్ కంపెనీలతో పోల్చి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్గారాలు సుమారు 8 శాతం తగ్గాయని, లాభాల మార్జిన్‌కు చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదని తేలింది. అయితే అది కంపెనీల సొంత ప్లాంట్లలో కొలిచిన పొగ. రూపాయలను గుణించి పుట్టించిన స్కోప్ 3 అంకెకు ఇదే ఫలితం వస్తుందని ఈ సాక్ష్యంతో చెప్పలేం.

నియమాలు వెనక్కి తగ్గితే?

ప్రభుత్వాలే వెనకడుగు వేస్తుంటే మదుపరులు ఎందుకు పట్టించుకోవాలన్నది ఇప్పుడు గట్టిగా వినిపించే మాట. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2024 మార్చిలో తుది నియమం తెచ్చినప్పుడు స్కోప్ 3ను పూర్తిగా తీసేసింది, ఏడాది తర్వాత ఆ నియమాన్నే కోర్టులో సమర్థించడం మానుకుంది. యూరోపియన్ యూనియన్ 2025లో తన నివేదికల నియమాలను సడలించే పని మొదలుపెట్టింది. మన సెబీ కూడా ఆచితూచి నడుస్తోంది. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదికను (బీఆర్ఎస్ఆర్) 2022-23 నుంచి తప్పనిసరి చేసింది, అందులో స్కోప్ 3 మాత్రం ఐచ్ఛికం. కొనుగోళ్లలోనో అమ్మకాల్లోనో 2 శాతం, అంతకు మించి వాటా ఉన్న భాగస్వాముల వివరాలను మొదటి 250 కంపెనీలు ఇవ్వాలన్న నిబంధనను ఏడాది వెనక్కి జరిపి, 2025-26 నుంచి స్వచ్ఛందంగా ఇవ్వవచ్చని మార్చింది.

అయితే నివేదిక అడగడం ఆగినంత మాత్రాన బిల్లు ఆగదు. సీబామ్ నడుస్తోంది. కాలిఫోర్నియాలో వ్యాపారం చేసే, ఏడాదికి వంద కోట్ల డాలర్లకు మించి ఆదాయం ఉన్న కంపెనీలు 2027 నుంచి స్కోప్ 3 చెప్పాలని ఆ రాష్ట్రం 2023లోనే చట్టం చేసింది. ఉత్పత్తి చేసిన దేశంలోనే కార్బన్ ధర చెల్లించి ఉంటే దాన్ని యూరప్ బిల్లులో మినహాయిస్తారు గనుక, 2023లో నోటిఫై అయిన మన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకానికి కొత్త అర్థం వస్తుంది. ఆ డబ్బు యూరప్ ఖజానాకు పోవాలా, ఇక్కడే ఉండాలా అన్నది మన విధానాల చేతిలో ఉంది. వీటన్నిటికంటే మొండి వాస్తవం కొలిమి ఆయుష్షు. బ్లాస్ట్ ఫర్నేస్ లోపలి ఇటుక పొర మార్చి మళ్లీ వెలిగిస్తే అది పదిహేను ఇరవై ఏళ్లు నడుస్తుంది. ఇవాళ తీసుకున్న నిర్ణయం 2040లలో కూడా పొగ వదులుతుంది. వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో టాటా స్టీల్ 2024 సెప్టెంబర్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఆపి, 125 కోట్ల పౌండ్లతో విద్యుత్ ఆర్క్ ఫర్నేస్‌కు మళ్లుతోంది. అందులో 50 కోట్లు బ్రిటన్ ప్రభుత్వం ఇస్తోంది. ప్రభుత్వ సాయం ఉన్నా వేల ఉద్యోగాలు పోయాయి. ఎన్నికలు ఐదేళ్లకోసారి నియమాలను అటూ ఇటూ తిప్పుతాయి, కొలిమి అలా తిరగదు. దీర్ఘకాలం డబ్బు పెట్టేవాళ్లు చూడవలసింది ఈ కొలిమి గడియారాన్నే.

ఏం అడగాలి

ఇంతవరకు చూసిన సాక్ష్యం నుంచి తేలేది ఏమిటంటే, పదిహేను అరల స్కోప్ 3 మొత్తాన్నీ అన్ని కంపెనీల చేతా ఒకేసారి చెప్పించడం వల్ల అంకెలు పెరుగుతాయి గానీ తెలివిడి పెరగదు. ఉద్యోగుల ప్రయాణాలు, ఆఫీసు సామగ్రి వంటి చిన్న అరలకు సగటు అంచనా చాలు. తయారీ కంపెనీల్లో భారమంతా సాధారణంగా నాలుగైదు సరుకుల్లో పేరుకుని ఉంటుంది: ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, రసాయనాలు, కరెంటు. వీటికి మాత్రం సరఫరాదారు దగ్గర కొలిచి, బయటివారు తనిఖీ చేసిన అంకె కావాలని పట్టుబట్టాలి. సెబీ ఇప్పుడు స్వచ్ఛందం అన్నదాన్ని మళ్లీ తప్పనిసరి చేసే రోజు వస్తే, విస్తృతిని తగ్గించి లోతును పెంచడం మేలు.

మదుపరి, అతను మ్యూచువల్ ఫండు మేనేజరైనా సొంతంగా షేర్లు కొనే ఉద్యోగైనా, నివేదికలో మొత్తం అంకె కోసం వెతకడం మాని మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఈ అంకెలో ఎంత శాతం సరఫరాదారుల నుంచి వచ్చిన కొలత, ఎంత సగటు మీద వేసిన అంచనా? ప్రధాన సరఫరాదారుల కొలుములు ఏ రకం, వాటిని మళ్లీ ఇటుక వేసి పొడిగించే తేదీ ఎప్పుడు? కార్బన్ ధర పడితే కంపెనీ దాన్ని కొనుగోలుదారుకు బదలాయించగలదా, తానే మింగాలా? ఈ మూడింటికీ జవాబిచ్చే కంపెనీ అంకె పెద్దదైనా దాని విలువ కట్టడం సాధ్యమవుతుంది. జవాబివ్వని కంపెనీ అంకె ఎంత చిన్నదైనా దాన్ని లాభంగా లెక్కించకూడదు. మన ఎగుమతిదారుల్లో కొలత ముందుగా చేతికి వచ్చినవాళ్లకు ఒక అనుకూలత దొరుకుతుంది. శుభ్రమైన కొలిమి కట్టడానికి వందల కోట్లు, ఏళ్లూ పడతాయి. ఉన్న కొలిమిని సరిగా కొలిచి, డిఫాల్ట్ విలువ నుంచి బయటపడటానికి మీటర్లు, రిజిస్టర్లు, ఒక ఆడిటరు చాలు. సరఫరా గొలుసులో అన్నిటికంటే తక్కువ పెట్టుబడితో దక్కే లాభం ప్రస్తుతానికి అదే.